‘సేప’ తప్పెలా అయ్యింది?

మన సాహిత్యలోకానికి మాండలికం అంటే మహా ముద్దు. ఏటా ఆగస్టు 29న గిడుగు రామమూర్తి గారి పటానికి దండ వేసి, వాడుకభాష గొప్పదనం గురించి సగం గ్రాంథికంలో ఉపన్యాసాలు ఇస్తాం. రావిశాస్త్రి ‘మాయ’ కథలో ముత్యాలమ్మ కుర్ర ప్లీడరుకి లోకం సంగతి చెబుతుంటే మురిసిపోయి పక్కవాళ్ళకి చదివి వినిపిస్తాం. ఉత్తరాంధ్ర యాసలో ఎవరైనా కథల పుస్తకం వేస్తే వెనక అట్ట మీద ‘మట్టి వాసన’ అని రాస్తాం. బాగానే ఉంది. ఆ ముత్యాలమ్మకి రేపు మెదడులో నెత్తురు గడ్డకట్టి మాట పడిపోతే? ఆవిడలో ఎంత మాట మిగిలిందో ఏ తెలుగుతో కొలుస్తాం?

ఇది ఊహించి అడుగుతున్న ప్రశ్న కాదు. రెండేళ్ళ కిందట మా పెద్దమ్మకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు, వాటితో పాటు మాట. మేం ఉండేది మధురవాడలో. ఇప్పుడు ఈ పేరు చెబితే అందరికీ క్రికెట్ స్టేడియమూ, కొండ మీద ఐటీ ఆఫీసులూ, జాతీయ రహదారికి అటూ ఇటూ అపార్టుమెంట్లూ గుర్తొస్తాయి. పెద్దమ్మ వాళ్ళది ఆ అపార్టుమెంట్ల వెనక ఇంకా మిగిలిన పాత ఊరు. ‘పాలెం’తో, ‘వలస’తో ముగిసే ఊరిపేర్ల మధ్య పుట్టి, కొమ్మాది జంక్షన్‌లో కూరగాయలమ్మి ముగ్గురు పిల్లల్ని పెంచిన మనిషి. కరెంటు పోయిన రాత్రి వీధిలో పిల్లలంతా ఆవిడ మంచం చుట్టూ చేరేవారు. దెయ్యం కథైనా, పక్కింటి పెళ్ళిలో గొడవైనా ఆవిడ చెబితేనే వినాలి. అలాంటి మనిషికి స్పీచ్ థెరపీ కోసం ఒక ప్రైవేటు క్లినిక్‌కి తీసుకెళ్ళాం. పేరు అనవసరం. అక్కడ జరిగింది ఆ ఒక్క చోటే జరిగే పని కాదు.

ముందు ఈ జబ్బు గురించి నాలుగు మాటలు. ‘మాట పడిపోయింది’ అని మనం అనేదాంట్లో రెండు మూడు వేరు వేరు సంగతులు కలిసిపోయి ఉంటాయి. నాలుక, పెదవుల కండరాలు సరిగ్గా కదలక మాట ముద్దగా రావడం ఒకటి. అఫేసియా అది కాదు. మెదడులో భాష నడిచే చోట్లు, చాలామందిలో ఎడమవైపువి, దెబ్బతిని మాట దొరక్కపోవడం, దొరికిన మాట తారుమారవ్వడం, వాక్యం అతుక్కోకపోవడం, ఒక్కోసారి ఎదుటివాళ్ళ మాట అర్థంకాకపోవడం. తెలివి పోదు. మనుషులు, కోపతాపాలు అలాగే ఉంటాయి. పక్షవాతం వచ్చిన ప్రతి ముగ్గురిలో సుమారు ఒకరికి ఎంతో కొంత అఫేసియా వస్తుందని వైద్యులు చెప్పే లెక్క. 1861లో పారిస్‌లో పాల్ బ్రోకా చూసిన లబోర్న్ అనే రోగి నోట ‘టాన్’ అనే ఒక్క శబ్దమే వచ్చేది. ఆయన పేరే ‘టాన్’ అయిపోయింది. ఈ శాస్త్రం మొదలైంది అక్కడే. రోగికి ఏం పోయిందో జాబితా రాయడంలో అప్పటినుంచీ మహా చురుగ్గా ఉంది.

ఇక పెద్దమ్మ పరీక్ష. కథనం చూడటానికి ఒక బొమ్మ ముందు పెట్టి ‘ఇందులో ఏం జరుగుతోందో చెప్పండమ్మా’ అన్నారు. ఇలాంటి బొమ్మలన్నిటికీ పెద్దక్క ‘కుకీ థెఫ్ట్’ అనే అమెరికన్ బొమ్మ. గుడ్‌గ్లాస్, కాప్లాన్ అనే ఇద్దరు 1972లో వేసిన బోస్టన్ పరీక్షలోది. గౌను వేసుకున్న తల్లి నిలబడి ప్లేట్లు తుడుస్తుంటుంది, వెనక సింకు పొంగిపోతుంటుంది, పిల్లవాడు స్టూలెక్కి డబ్బాలోంచి బిస్కట్లు దొంగిలిస్తుంటాడు, స్టూలు పడబోతుంటుంది. తమాషా ఏంటంటే ఈ బొమ్మ అమెరికా వాళ్ళకే పాతబడిందని 2019లో కొందరు పరిశోధకులు కొత్తగా గీయించుకున్నారు. మనం మాత్రం దాన్నో, దాని చుట్టాలనో ఇంకా వాడుతున్నాం. పెద్దమ్మ ఆ బొమ్మని చాలాసేపు చూసింది. చివరికి ఎడమ చేత్తో సింకు చూపించి ‘నీల్లు... కట్టీ’ అంది. నీళ్ళు పోతున్నాయి, కుళాయి కట్టెయ్యమని. మధురవాడలో ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెట్టి నిలబడిన ఆడది ఆ బొమ్మలో ఇంకేం చూస్తుంది? బిస్కట్ల సంగతి ఎత్తలేదు, తల్లి సంగతి ఎత్తలేదు. కాబట్టి మార్కులు పడలేదు.

తర్వాత పేర్లు చెప్పే పరీక్ష. చేప బొమ్మకి ‘సేప’ అంది. చెట్టుకి ‘సెట్టు’. బావి బొమ్మకి ‘నుయ్యి’. పక్కన కూర్చున్న అమ్మాయి కాగితం మీద రాసుకుంటుంటే చూశాను. చేపకీ చెట్టుకీ ‘ధ్వని మార్పు’ అని, నుయ్యికి ‘వేరే పదం’ అని. ‘కాదు’, ‘లేదు’ అనవలసిన చోట పెద్దమ్మ ‘నేదు’ అంటే అదీ ధ్వని మార్పే. ఆ అమ్మాయిది తప్పని నేననను. ఓపికగా, మర్యాదగా చేసింది. వేరే జిల్లా నుంచి వచ్చింది, ఇంగ్లీషు పుస్తకాల్లో చదువుకుంది, చేతికిచ్చిన కాగితం ప్రకారం చేసింది. తప్పు ఆ కాగితంలో ఉంది.

‘సేప’ జబ్బు కాదు. మాట మొదట ‘చ’ ఉన్నచోట ‘స’ పలకడం ఒక కట్టుబాటు. చెప్పు సెప్పు అవుతుంది, చెయ్యి సెయ్యి అవుతుంది, చింత సింత అవుతుంది. ఉత్తరాంధ్రలోనే కాదు, తెలంగాణలో, రాయలసీమలో కూడా లక్షలమంది ఇలాగే పలుకుతారు. ‘నేదు’ కూడా అంతే. ఇక్కడ పల్లెల్లో తరాలుగా ఉన్న మాట. అదే పెద్దమ్మ ఆ రోజే గిన్నెని ‘గిమ్మె’ అంది, దువ్వెన చూపిస్తే ‘అద్దం’ అంది. అవీ జబ్బు. ఆ రెండిటి మధ్య తేడా యాస తెలిసినవాళ్ళకి అరక్షణంలో తెలుస్తుంది, తెలియనివాళ్ళకి అన్నీ తప్పులే. ‘యాస, యాస అని అసలు జబ్బుని కప్పెట్టేస్తారు’ అని నాతో ఒక డాక్టరు మిత్రుడు వాదించాడు. నేననేది సరిగ్గా దానికి ఎదురు. యాస తెలియకపోతే జబ్బుని కూడా పోల్చలేరు. ‘సేప’కీ ‘గిమ్మె’కీ ఒకే గుర్తు పెట్టిన కాగితం ఏ జబ్బుని చూపిస్తున్నట్టు?

ఇంకో సంగతి కాగితానికి అస్సలు అందదు. సిగ్గు. మా ప్రాంతం మనిషి ఆఫీసులోకో, ఆసుపత్రిలోకో అడుగుపెట్టగానే ‘నాను’ని ‘నేను’ చేసుకుంటాడు. ‘ఏటి’ని ‘ఏంటి’ చేసుకుంటాడు. సినిమాల్లో మా యాస ఎప్పుడూ పనివాడికో, దొంగకో, నవ్వించడానికి పెట్టిన పాత్రకో ఇచ్చారు కదా, ఆ నవ్వు మాకు వినబడుతూనే ఉంటుంది. పెద్దమ్మ కూడా ‘మేడమ్ గారి’ ఎదురుగా పుస్తకాల తెలుగు మాట్లాడబోయింది. సొంత మాటే దొరకని సమయంలో అరువు మాట వెతుక్కుంటోంది. ‘నాను’ నోటిదాకా వచ్చి ఆగిపోయి, ‘నే... నే...’ దగ్గర తడబడి, మొహం ఎర్రబడి, ఊరుకుంది. ఆ ఊరుకోవడాన్ని కూడా కాగితం మెదడు ఖాతాలోనే వేసింది. రెండు భాషలవాళ్ళకి అఫేసియా వస్తే ఎక్కువ అలవాటైన భాష ముందు తిరిగి వస్తుందని పీత్ర్ అనే ఫ్రెంచి వైద్యుడు 1895లోనే రాశాడు. అందరి విషయంలోనూ అలా జరగదని తర్వాత తేలింది, అది వేరే చర్చ. కానీ పెద్దమ్మకి ఎక్కువ అలవాటైన భాషేదని ఆ గదిలో ఎవరూ అడగలేదు. ‘మాతృభాష’ గడిలో ‘తెలుగు’ అని రాసి ఉంది. దాంతో ప్రశ్న తీరిపోయింది.

ఈ చిక్కు మన ఒక్కళ్ళదీ కాదు. డల్లాస్‌లో హన్నా ఉలటోవ్‌స్కా, గ్లోరియా ఓల్నెస్, వాళ్ళ సహచరులు అఫేసియా వచ్చిన ఆఫ్రికన్ అమెరికన్ల కథలు రికార్డు చేసి, 2000 తర్వాత వరసగా వ్యాసాలు రాశారు. ఆ సమాజపు ఇంగ్లీషులో క్రియ చివరి ప్రత్యయం వదిలెయ్యడం, ‘ఉంది’ అనే అర్థమిచ్చే క్రియని వదిలెయ్యడం వ్యాకరణమే. బ్రోకా తరహా అఫేసియాలో పడిపోయేవి కూడా సరిగ్గా ఇవే. మరి ప్రత్యయం లేని క్రియ వినిపిస్తే అది యాసా, జబ్బా? 2001లో వాళ్ళు రాసిన వ్యాసం ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. వాళ్ళు చేసిన ఇంకో మంచి పని, బొమ్మలతో సరిపెట్టకుండా మనుషుల్ని సొంత అనుభవం అడగడం. మీరు బాగా భయపడిన రోజు గురించి చెప్పండి అని.

ఆ ప్రశ్న వెనక విలియం లబోవ్ ఉన్నాడు. న్యూయార్క్ హార్లెమ్‌లో నల్లజాతి కుర్రాళ్ళ కథలు రికార్డు చేసి, స్కూలు ‘భాష రాదు’ అన్న పిల్లలు వీధిలో ఎంత పటిష్టంగా కథ చెబుతారో చూపించినవాడు. 1967లో వాలెట్స్కీతో కలిసి రాసిన వ్యాసంలో సొంత అనుభవం చెప్పే కథకి ఎముకలు లెక్కపెట్టాడు. ఎక్కడ, ఎప్పుడు, ఎవరు, ఏం జరిగింది, చివరికేమైంది. వీటన్నిటితో పాటు ఒకటుంది, ‘మూల్యాంకనం’ అందాం. ఇది ఎందుకు చెప్పదగ్గ కథో వినేవాడికి తగిలేలా చెయ్యడం. అది లేకపోతే వినేవాడు ‘అయితే ఏటి?’ అంటాడు. అంతకంటే పెద్ద అవమానం కథ చెప్పేవాడికి ఉండదు.

విశాఖలో ప్రతి మనిషి దగ్గరా అలాంటి కథ ఒకటి రెడీగా ఉంటుంది. 2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్. ఆ రోజు గాలి గురించి చెప్పమంటే చెప్పని వాళ్ళని నేను ఇంతవరకూ చూడలేదు. పెద్దమ్మని చూడటానికి వచ్చిన పక్కవీధి ఆవిడ, వదిన వరస, ఏ పరీక్షా గిరీక్షా తెలియక ఊరికే మాటల్లో ‘ఆ గాలినాడు నీకాడ ఏటైందే వొదినా?’ అంది. పెద్దమ్మ చెప్పింది. నేను తర్వాత రాసుకున్నది ఇది:

‘గాలి. గాలి... గాలి. ఓలమ్మ, గాలి! రేకు... ఎగిరిపోనాది. నాను... మంచం కింద. మేక. మేకా నానూ. తెల్లారీదాకా. అది... ఏడుత్తాది, నాను... ఏడుత్తాను.’

రెండో ‘గాలి’ దగ్గర గొంతు లేచింది, మూడోదాని దగ్గర చెయ్యి లేచింది. ‘మేకా నానూ’ దగ్గర నవ్వింది. వదిన ప్రతి ముక్కకీ ఊఁ కొడుతూనే ఉంది. ‘తెల్లారీదాకా’ కోసం పెద్దమ్మ రెండు నిమిషాలు వెతుక్కుంటే తొందరపెట్టలేదు. ‘రాత్రా? పగలా?’ అని అందించింది, అంతే. ఇప్పుడు లబోవ్ ఎముకలు లెక్కపెట్టండి. చోటు ఉంది, జరిగింది ఉంది, ఎంతసేపో ఉంది. ‘ఓలమ్మ’ ఒక్కటే మూల్యాంకనం మొత్తాన్ని మోసింది. మేక ఏడుపునీ తన ఏడుపునీ ఒకే క్రియతో పక్కపక్కన పెట్టడం, అది కథ చెప్పడం తెలిసిన మనిషి చేసే పని. వ్యాకరణం సంగతి చూడండి. ‘ఎగిరిపోనాది’లో జరిగిపోయిన కాలం ఉంది, ఆడ-అమహత్తు గుర్తు ఉంది. ‘ఏడుత్తాది, ఏడుత్తాను’ అని మేకకీ తనకీ ప్రత్యయం మార్చింది. క్లినిక్ కాగితంలో ‘క్రియారూపాలు దాదాపు లేవు’ అని ఉంది. లేకపోవడం కాదు, ఆ రూపాలు బయటికొచ్చే ప్రశ్న అక్కడ పడలేదు. ఒక్క సాయంత్రం, ఒక్క మనిషి కథతో సిద్ధాంతం నిలబడదని తెలుసు. అయితే బిస్కట్ల డబ్బా బొమ్మతో వేసిన అంచనా కూడా ఒక్క ఉదయం, ఒక్క బొమ్మే కదా. ఆ కాగితాన్ని మాత్రం ఫైల్లో పెట్టారు, దాన్నిబట్టే వ్యాయామాలు రాశారు.

వదిన చేసింది చిన్న పనిలా కనిపిస్తుంది. చార్లెస్ గుడ్‌విన్ అనే పరిశోధకుడు సొంత తండ్రి సంభాషణలని ఏళ్ళ తరబడి వీడియో తీశాడు. పక్షవాతం తర్వాత ఆ పెద్దాయన నోట మూడే మాటలు మిగిలాయి. అవును, కాదు, ఇంకా. ఆ మూడిటితో, గొంతు ఎత్తుపల్లాలతో, చేతితో, ఎదుటివాళ్ళ మాటల్ని తన మాటల్లా వాడుకుంటూ ఆయన వాదించేవాడు, సరిదిద్దేవాడు, ఇంట్లో కథలు నడిపించేవాడు. మాట ఒక్కరి తలలో ఉండే సరుకు కాదు, ఇద్దరి మధ్య జరిగే పని అని గుడ్‌విన్ చూపించాడు. టొరాంటోలో ఆరా కేగన్ బృందం మామూలు వలంటీర్లకి అఫేసియా ఉన్నవాళ్ళతో ఎలా మాట్లాడాలో శిక్షణ ఇచ్చింది. రోగికి ఏ శిక్షణా ఇవ్వకుండానే రోగుల సంభాషణ మెరుగుపడిందని 2001లో ప్రకటించింది. మనకి ఇదంతా కొత్తా? ఊఁ కొట్టకపోతే కథ ఆగిపోతుందని మన ఇళ్ళల్లో చంటిపిల్లలకి తెలుసు. బుర్రకథలో వంతలు లేకుండా కథకుడు పక్క ఊరు కూడా దాటలేడు. క్లినిక్‌లో మాత్రం ఊఁ కొట్టడం నిషేధం. సాయం చేస్తే పరీక్ష చెల్లదట!

ప్రతి జిల్లాకీ ఒక పరీక్ష తయారుచేస్తామా అని అడుగుతారు. అక్కర్లేదు. తెలుగులో పరీక్షలే లేవని నేనూ అనడం లేదు. మైసూరు వాక్ శ్రవణ సంస్థలో వెస్టర్న్ అఫేసియా బ్యాటరీకి తెలుగు రూపం తయారైంది, హైదరాబాదులో అడెన్‌బ్రూక్స్ పరీక్ష తెలుగులో వాడుతున్నారు. చాలా శ్రమతో చేసిన పనులవి. వాటి పక్కన ఒక పేజీ కావాలి. ఈ జిల్లాలో ఈ పలుకుబళ్ళు, ఈ పేర్లు తప్పు కావు అని. బావికి నుయ్యి, వాగుకి గెడ్డ, రాగులకి చోళ్ళు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి ఆధ్వర్యంలో మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయ సంపుటం 1962లోనే వచ్చింది. ఊరూరా తిరిగి, ఒకే పనిముట్టుకి ఏ తాలూకాలో ఏ పేరో రాసిపెట్టారు. బొమ్మల జాబితా తయారుచేసేవాళ్ళ బల్ల మీద ఉండాల్సిన పుస్తకం అది. రోగి ఇంటివాళ్ళలో ఒకర్ని పక్కన కూర్చోబెట్టి ‘జబ్బుకి ముందు కూడా ఇలాగే అనేవారా?’ అని అడిగితే చాలు, సగం గొడవ తీరిపోతుంది. ఖర్చు సున్నా.

హైదరాబాదు నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 608 మంది పక్షవాత రోగుల్ని పరిశీలించి 2016లో ఒక ముఖ్యమైన ఫలితం ప్రకటించింది. తర్వాత మామూలు ఆలోచనాశక్తి నిలిచినవాళ్ళు ఒక్క భాషవాళ్ళలో 19.6 శాతమైతే రెండు భాషలవాళ్ళలో 40.5 శాతం. అఫేసియా మాత్రం రెండు గుంపుల్లోనూ దాదాపు సమానమే. ఈ పరిశోధన మీద నాకు గౌరవం ఉంది. కానీ చదివినప్పుడల్లా ఒకటే అనిపిస్తుంది. తెలుగూ ఉర్దూ అయితే రెండు. పొద్దున్న ఇంట్లో ‘నానెల్తన్నాను’ అని, బస్సు దిగి ఆఫీసులో ‘నేను వెళ్తున్నాను’ అని, రోజుకి ఇరవైసార్లు ఆ గుమ్మం దాటే మనిషిది ఏ లెక్కలోనైనా ఒక్కటే.

‘యాస ఎలాగూ పోతోంది, స్టాండర్డ్ తెలుగు నేర్పితే మంచిదేగా’ అని కూడా విన్నాను. అరవై ఎనిమిదేళ్ళ మనిషికి మాట తిరిగి తెప్పించేది పోటీ పరీక్షలకి కాదు. టీ అడగాలి. కోడల్ని ఒక మాట అనాలి. మనవరాలు అడిగితే మేక కథ చెప్పాలి. వాటికి ‘చెంచా’ కంటే ‘గంటి’ ముందు కావాలి. గిడుగు గారు సవర పిల్లలకి సవరలోనే చదువు చెప్పాలని ఆ భాష నేర్చుకుని, వాచకాలు రాసి, బడులు పెట్టారు. పర్లాకిమిడిలో వందేళ్ళ కిందట అర్థమైన సంగతి మధురవాడలో ఇంకా వివరించాల్సి వస్తోంది.

చివరగా మనవాళ్ళకే, కథలు రాసేవాళ్ళకీ చదివేవాళ్ళకీ. థెరపిస్టులని తిట్టడం తేలిక. వాళ్ళకి వినడానికి మనం ఏమిచ్చాం? కారా మాస్టారు 1997లో శ్రీకాకుళంలో కథానిలయం పెట్టి అచ్చయిన ప్రతి కథా దాచాలనుకున్నారు. అంత పని ఒక్క మనిషి మొదలుపెట్టగలిగాడు. అచ్చెక్కని గొంతులకి అలాంటి ఇల్లు లేదు. ఈ జిల్లాల్లో ఆరోగ్యంగా ఉన్న అరవై, డెబ్భై ఏళ్ళవాళ్ళు హుద్‌హుద్ గురించి ఎలా చెబుతారో, ఎన్ని మాటల్లో, ఎన్నిసార్లు ‘ఓలమ్మ’తో, ఓ రెండు వందల రికార్డింగులు ఉంటే, జబ్బు చేసినవాళ్ళ కథని దేనితో పోల్చాలో తెలుస్తుంది. ఇప్పుడు పోలుస్తున్నది పాఠ్యపుస్తకంతో. ఈసారి ఆగస్టు 29న మన సంఘాలు ఉపన్యాసాల మధ్య ఒక పూట ఖాళీ చేసుకుని, చెప్పేవాళ్ళ అనుమతితో, నాలుగు పల్లెల్లో ఫోన్లు పట్టుకుని కూర్చోవచ్చు. మధురవాడ వైపు వచ్చేవాళ్ళకి వీధులు నేను చూపిస్తాను. పెద్దమ్మని మాత్రం పొద్దున్న పది లోపు కలవాలి, తర్వాత అలిసిపోతుంది.